ఎండ మొహం ఎరగని నారు: బేస్‌మెంట్‌లో పెంచిన 72 మిరప మొక్కల కేస్ స్టడీ

మొదట లెక్క చెప్పేస్తాను. ఒకే రోజు విత్తిన 72 మిరప మొక్కలు, ఒకే బేస్‌మెంట్‌లో, ఒకే రకం లైట్ల కింద పెరిగాయి. వాటిలో 40 మొక్కల్ని ఏప్రిల్ చివరి శనివారం నేరుగా తీసుకెళ్ళి ఎండలో పెట్టాను. 31 మాడాయి, అందులో 5 బతకలేదు. చోటు చాలక కింద ఉండిపోయిన 32 మొక్కల్ని ఆ తర్వాత 17 రోజులు పట్టి బయటికి అలవాటు చేశాను. వాటిలో ఒక్కటి కూడా పోలేదు. ఆ 17 రోజుల్లో ఏం చేశానో, ఎక్కడ తప్పు చేశానో, ఏం కొలిచానో రాసుకున్న నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మేముండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగర శివార్లలో. ఆరేళ్ళుగా ఇంట్లోనే మిరప నారు పోస్తున్నాను. మాకు సరిపోగా మిగిలింది గుడిలో కలిసే తెలుగు కుటుంబాలకి ఇస్తాను. ఇక్కడ మిరపకి దొరికే కాలం చిన్నది. మే నెల రెండో ఆదివారం, అంటే మదర్స్ డే దాటాకే మిరప, టమాటా, వంకాయ నేలలో పెట్టమని ఇక్కడి పాతవాళ్ళందరూ చెప్తారు. అక్టోబర్ వచ్చిందంటే మళ్ళీ ఫ్రాస్ట్ భయం, అంటే మంచు గడ్డకట్టి మొక్కల్ని చంపే చలి. విత్తనం వేసిన దగ్గర్నుంచి కాయ పండేదాకా మిరపకి నాలుగైదు నెలలు కావాలి. కాబట్టి ఫిబ్రవరి చివర్లో ఇంట్లో విత్తుకోవడం తప్ప దారి లేదు.

ఈసారి వేసినవి గుంటూరు సన్నం 24, థాయ్ మిరప 20, హలపీనో 16, బజ్జీల కోసం హంగేరియన్ వ్యాక్స్ 12. విత్తనాలన్నీ ఇక్కడే కొన్నవి. ఊరి నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో విత్తనాలు తెచ్చుకుంటామని చాలామంది అంటారు, దయచేసి ఆ పని చేయకండి. సరైన పత్రాలు లేకుండా విత్తనాలు తేవడం ఇక్కడి చట్టానికి విరుద్ధం. పైగా మిరప, టమాటా విత్తనాలతో వైరస్ తెగుళ్ళు ప్రయాణం చేస్తాయి.

అడుగు నుంచి వేడినిచ్చే హీట్ మ్యాట్ మీద 80 డిగ్రీల పైన ఉంచితే గింజలు ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో మొలిచాయి. ఇక్కడ నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్. 80 అంటే సెల్సియస్‌లో దాదాపు 27. రెండు జతల ఆకులొచ్చాక అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ కప్పుల్లోకి మార్చాను. రోజుకి 15 గంటల ఎల్‌ఈడీ వెలుతురు. ఏప్రిల్ చివరికి ఒక్కో మొక్క జానెడు ఎత్తు, ఏడెనిమిది ఆకులు, నిగనిగలాడే లేత ఆకుపచ్చ. చూసినవాళ్ళు నర్సరీలో కొన్నావా అని అడిగేవారు.

ఆ శనివారం

పొద్దున్నే 60, మధ్యాహ్నానికి 74 డిగ్రీలు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఆరు నెలల చలి తర్వాత అలాంటి రోజు వస్తే ఇంట్లో ఉండబుద్ధి కాదు, మొక్కల్ని కూడా ఉంచబుద్ధి కాలేదు. అంతకు ముందు సంవత్సరాల్లో నేను పోర్చ్‌లో రెండు మూడు రోజులు పెట్టి నాటేసేదాన్ని. ఒకటీ అరా ఆకు తెల్లబడేది, పట్టించుకోలేదు. ఆ ధైర్యంతోనే 11 గంటలకి 40 కప్పులు డెక్ మీద, అంటే ఇంటికి ఆనుకున్న ఆరుబయటి అరుగు మీద, వరసగా పేర్చి, నిండా నీళ్ళు పోసి, సరుకులకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మూడయింది.

మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. ముందు దాహం అనుకున్నాను. వేలు పెట్టి చూస్తే మట్టి తడిగానే ఉంది. అయినా కంగారులో మళ్ళీ నీళ్ళు పోసి లోపలికి చేరవేశాను. రాత్రికి చాలావరకు నిలబడ్డాయి, హమ్మయ్య అనుకుని పడుకున్నాను. అసలు దెబ్బ మర్నాడు పొద్దున కనబడింది. పై ఆకుల మీద కాగితం అంటించినట్టు తెల్లటి మచ్చలు. మూడో రోజుకి ఆ మచ్చలు ఎండి, పట్టుకుంటే చిట్లిపోతున్నాయి. కొన్నిటికి ఆకు మొత్తం పోయి ఈనె మాత్రం మిగిలింది.

ఆ ఆదివారం రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. మాది గుంటూరు వైపు మిరప పండించే కుటుంబం. నాన్న చాలాసేపు చూసి అన్న మాట ఇది: "ఇది తెగులు కాదమ్మా. మన నారు మడిలో నారు పుట్టడమే ఎండలో పుడుతుంది. మొలక కనపడగానే పైన కప్పిన గడ్డి తీసేస్తాం, ఇక దానికి ఎండ కొత్తేముంది? నీది ఎండ మొహం ఎరగని నారు."

నాకు ఆ ఒక్క మాటతో విషయం అర్థమైంది. నేను చిన్నప్పటి నుంచి చూసిన నారు వేరు, ఇక్కడ పెంచుతున్న నారు వేరు. మన దగ్గర నారు మడిలో మొక్క మొదటి ఆకే ఎండలో విచ్చుకుంటుంది. అందుకే ఎండ అలవాటు చేయడం అనే పని మా ఇంట్లో ఎవరూ విడిగా నేర్పలేదు, అవసరమే రాలేదు. అయితే ఈ మధ్య మా ఊళ్ళ దగ్గర షేడ్‌నెట్ (నీడ కోసం కట్టే వల) కింద ప్రోట్రేలలో (చిన్న చిన్న గుంతలున్న ట్రేలు) నారు పెంచి అమ్మే నర్సరీలు పెరిగాయి. వాళ్ళు మాత్రం నారు పంపే ముందు కొన్ని రోజులు తడి తగ్గించి, నెట్ తీసి, గట్టిపరుస్తారు. ఇక్కడ హార్డెనింగ్ ఆఫ్ అనేది అదే పని.

ఏది మాడ్చింది?

దీనికి జవాబు డెక్ మీదే దొరికింది. 40 కప్పుల్లో 9 అక్కడున్న గ్రిల్ (ఆరుబయట వంట చేసుకునే పొయ్యి) నీడలో పడ్డాయి. గాలి వాటికీ అంతే, వేడి అంతే, నీళ్ళు కూడా అంతే. ఆ 9 మొక్కల మీద ఒక్క మచ్చ లేదు. కాసేపు వడిలాయి, తేరుకున్నాయి. అంటే వడలడం గాలి వల్ల, తెల్లమచ్చ ఎండ వల్ల. ఈ రెండిటినీ కలిపేసుకుని దేనికైనా నీళ్ళే మందు అనుకుంటే వేర్లు కుళ్ళి, బతికే మొక్క కూడా పోతుంది.

తర్వాత వెలుతురుని కొలిచే ఒక చిన్న లక్స్ మీటర్ కొని కొలిచాను. బేస్‌మెంట్‌లో పై ఆకు దగ్గర 16,000 లక్స్. డెక్ మీద మధ్యాహ్నం ఒంటిగంటకి 1,05,000. ఆరు రెట్లకి పైనే. ఇంటి ఉత్తరం గోడ నీడలో, ఆకాశం బాగా కనబడే చోట, పొద్దున పదింటికి 11,000. ఈ మూడో అంకె చూసి ఆశ్చర్యపోయాను. మన కంటికి బేస్‌మెంట్ లైటు ధగధగా మెరుస్తుంది, కానీ మొక్క లెక్కలో అది బయటి నీడతో సమానం. బేస్‌మెంట్ నుంచి ఎండలోకి తేవడం అంటే, ఎప్పుడూ నీడలో ఉన్న మొక్కని ఒక్కసారి నడినెత్తి సూర్యుడి కిందకి తోయడం.

తక్కువ వెలుతురులో పెరిగిన ఆకు పల్చగా, వెడల్పుగా ఉంటుంది, దొరికిన వెలుతురంతా పట్టుకోవడానికి. దాని పైపొర మైనం కూడా పల్చనే. ఒక్కసారి ఆరు రెట్లు వెలుతురు పడితే వాడుకోలేనంత శక్తి లోపల పోగుపడి పత్రహరితాన్నే విరిచేస్తుంది. తెల్లమచ్చ అదే. దీనికి తోడు మామూలు ఎల్‌ఈడీల్లో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు. కిటికీ అద్దం కూడా అందులో చర్మాన్ని కాల్చే భాగాన్ని ఆపేస్తుంది. కిటికీ దగ్గర ఎండలోనే పెంచాం కదా, మా నారుకి అలవాటే అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మాడినవాటిని ఏం చేశాను

చిగురు చూశాను. ఆకులన్నీ పోయినా కొనన ఉన్న చిగురు పచ్చగా ఉంటే మొక్క బతుకుతుంది. 31లో 26కి చిగురు ఉంది. మిగతా 5 మొక్కలకి చిగురుతో పాటు కాడ పైభాగం కూడా నల్లబడింది, పది రోజులు చూసి తీసేశాను.

ఆ 26 మొక్కల్ని మళ్ళీ లైట్ల కింద పెట్టి మూడు పనులు మానుకున్నాను. ఎరువు వేయలేదు. మాడిన ఆకులు తుంచలేదు, ఎందుకంటే సగం పచ్చగా ఉన్న ఆకు కూడా మొక్కకి తిండి పెడుతుంది. కప్పు ఎత్తి చూసి తేలికగా అనిపిస్తే తప్ప నీళ్ళు పోయలేదు. మా స్నేహితురాలు ఒకరు అదే వారం అదే పొరపాటు చేసి, రోజుకి రెండుసార్లు నీళ్ళు, పైన యూరియా నీళ్ళు ఇచ్చారు. ఎండ చంపనివాటిని నీళ్ళు చంపాయి. కొత్త ఆకులు రెండు విచ్చుకున్నాకే నేను పాతవి కత్తిరించాను. దానికి 15 రోజులు పట్టింది.

32 మొక్కలు, 17 రోజులు

బయటికి తీసే ముందు ఒక వారం బేస్‌మెంట్‌లోనే తయారీ మొదలుపెట్టాను. చిన్న టేబుల్ ఫ్యాన్‌ని తక్కువ స్పీడులో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, ఆకులు కదిలేంత దూరంలో పెట్టాను. కదిలిన కాడ లావెక్కుతుంది, ఇది పుస్తకంలో చదవడం కన్నా వేళ్ళతో పట్టుకుని చూస్తే నమ్మకం కలుగుతుంది. హీట్ మ్యాట్ ఎప్పుడో తీసేశాను. నత్రజని ఎక్కువున్న ఎరువు ఆపాను. నీళ్ళు తగ్గించాను కానీ వడలనివ్వలేదు. నారు పీకే ముందు నాలుగు రోజులు తడి తగ్గిస్తాం కదా అని నాన్న గుర్తుచేసింది ఇదే. ఆకు అడుగున పేనుబంక ఉందేమో ఒక్కో మొక్కా తిప్పి చూశాను. రెండు కప్పుల్లో ఉంది. సబ్బు నీళ్ళతో కడిగి, వాటిని వేరే ట్రేలో పెట్టాను.

తర్వాతి శనివారం మొదటి రోజు. ఆ రోజు ఆరు మొక్కలకి, చిగురుకి సరిగ్గా కింద, వదులుగా ఎర్ర ఊలు దారం కట్టాను. దారం కింద ఉన్న ఆకులు బేస్‌మెంట్‌లో పుట్టినవి, దారం పైన వచ్చేవి బయట పుట్టేవి. ఈ కేసులో నేను చేసిన అన్ని పనుల్లోనూ ఎక్కువ నేర్పింది ఈ దారమే.

ఇక చోటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది అడిగేది ఇదే: ఆఫీసుకి వెళ్ళేవాళ్ళం, గంటకోసారి ట్రేలు ఎలా మారుస్తాం? నేనూ ఆఫీసుకి వెళ్ళేదాన్నే. అందుకే మొక్కని కదిలించడం బదులు నీడనే కదలనిచ్చాను. మా గ్యారేజ్ ఉత్తరం గోడ పది అడుగుల ఎత్తు ఉంటుంది. మే నెలలో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక కొంచెం ఈశాన్యంలో ఉదయిస్తాడు కాబట్టి ఉత్తరం గోడకి కూడా పొద్దున 9 దాకా ఏటవాలు ఎండ పడుతుంది. తర్వాత గోడ నీడ మొదలవుతుంది. గోడకి ఆనించి పెడితే 9 తర్వాత పూర్తి నీడ. రెండున్నర అడుగులు దూరం జరిపితే ఎండ 10 దాకా. మూడడుగుల దగ్గర 11 దాకా. నాలుగడుగులు దాటితే రోజంతా ఎండే. పడమర వైపు పక్కింటివాళ్ళ పెద్ద మేపుల్ చెట్టు ఉండడంతో సాయంత్రపు ఎండ మళ్ళీ రాదు. ఒక సెలవు రోజు కుర్చీ వేసుకుని కూర్చుని గంట గంటకీ నీడ అంచున చాక్‌పీస్‌తో గీతలు గీశాను. ఆ గీతలే నా టైమ్‌టేబుల్. మీ ఇంటి గోడ ఎత్తు, దిక్కు, ఊరు వేరు కాబట్టి అంకెలు వేరుగా ఉంటాయి. గీతలు మాత్రం ఎవరైనా గీసుకోవచ్చు.

మొదటి రోజు 9 దాటాక గోడకి ఆనించి రెండు గంటలు. రెండో రోజు నాలుగు గంటలు. ఆ రెండు రోజులూ ఎండే లేదు, ఉన్నది గాలి, బయటి వాతావరణం మాత్రమే. కప్పులు విడిగా పెడితే గాలికి దొర్లుతాయి. అందుకని బట్టల బుట్టల్లో సర్దాను. పక్కల చిల్లుల్లోంచి గాలి ఆడుతుంది కానీ దాని జోరు విరుగుతుంది. ఎత్తుకుపోవడం కూడా సులువు.

మూడో రోజు సోమవారం, ఎనిమిదిన్నరకి పెట్టి ఆఫీసుకి వెళ్ళాను. అరగంట ఏటవాలు ఎండ, తర్వాత రోజంతా నీడ. నాలుగో రోజు ఏడున్నరకే పెట్టాను, గంటన్నర ఎండ. ఐదు, ఆరు రోజులు వాన, ఈదురుగాలి, 46 డిగ్రీలు. మొక్కలు లోపలే. మిరపకి 50 డిగ్రీల కింద చలి దెబ్బ తగులుతుంది, అంటే సెల్సియస్‌లో 10. చావదు, కానీ ముడుచుకుపోయి పెరగడం ఆపేస్తుంది. వేర్లు భాస్వరాన్ని సరిగా తీసుకోలేక ఆకులకి ఊదారంగు కూడా వస్తుంది. ఆ రెండు రోజులు వృథా అయ్యాయే అని టెన్షన్ పడ్డాను. ఏడో రోజు, ఐదో రోజు చేయాల్సిన పని నుంచే మొదలుపెట్టాను: రెండు గంటల పొద్దుటి ఎండ. ఎనిమిదో రోజు రెండున్నర అడుగుల గీత.

తొమ్మిదో రోజు తప్పు చేశాను. ఆదివారం, పొద్దున్నే దట్టంగా మబ్బు. సాయంత్రం దాకా మబ్బే అని ఫోన్‌లో వాతావరణం చూపించింది. మబ్బు రోజు మొక్కలకి మంచిదే కదా అని బుట్టల్ని నాలుగడుగుల గీత దాటించి, తెలిసినవాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. 12కి మబ్బు విడిపోయింది. తలుపు దగ్గర కెమెరాలో పెరట్లో వెలుగు చూసి, భోజనం మధ్యలో లేచి బయల్దేరినా వచ్చేసరికి రెండు దాటింది. 4 మొక్కల మీద గోటంత మచ్చలు. మిగతా 28 తట్టుకున్నాయి. పది రోజుల క్రితం ఇదే సమయానికి ఇవే మొక్కలు మాడిపోయేవి. ఆ వారం ఎంత పని చేసిందో ఆ పొరపాటే చూపించింది. అయినా మబ్బుని నమ్మి మొక్కని వదిలి వెళ్ళకూడదని ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

పది, పదకొండు రోజులు వెనక్కి, రెండున్నర అడుగుల గీత దగ్గరికి. పన్నెండు, పదమూడు మూడడుగుల గీత. పద్నాలుగు, పదిహేను రోజులు నాలుగడుగులు దాటించి, పైన 40 శాతం ఎండని ఆపే షేడ్‌నెట్ కర్రలకి కట్టాను. నెట్ ఆకులకి తగలకూడదు, మధ్యలో అడుగు ఖాళీ ఉండాలి. ఈ దశలో నీళ్ళ లెక్క మారిపోతుంది. లోపల మూడు రోజులకోసారి నీళ్ళు అడిగిన కప్పు, బయట గాలికి, ఎండకి రోజూ అడుగుతుంది. నల్ల కుండీలైతే మట్టి వేడెక్కి వేర్లు ఉడుకుతాయి కూడా. నావి కొన్ని నల్లవి ఉంటే చుట్టూ తెల్ల కాగితం చుట్టాను. పదహారో రోజు నెట్ తీసేసి, పూర్తి ఎండ. పదిహేనో రోజు రాత్రి, పదహారో రోజు రాత్రి 57, 58 డిగ్రీలు ఉన్నాయి, బయటే వదిలేశాను.

ఇప్పుడు దారం సంగతి. పదిహేనో రోజుకి ఆరు మొక్కల్లోనూ దారం పైన రెండేసి, మూడేసి ఆకులు విచ్చుకున్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మొక్క ఆకులంటే నమ్మలేం. కింది ఆకు వెడల్పు, పల్చన, లేత రంగు. పై ఆకు చిన్నది, మందం, ముదురు ఆకుపచ్చ, పట్టుకుంటే కొత్త నోటులా గరుగ్గా ఉంది. పాత ఆకు ఎండకి కొంత ఓర్చుకోవడం నేర్చుకుంటుంది కానీ దాని మందం మారదు, అది పుట్టినప్పుడే నిర్ణయమైపోతుంది. నిజంగా గట్టిపడేది కొత్త ఆకు. అందుకే ఏడు రోజులా, పది రోజులా, పద్నాలుగా అని అడిగితే నేనిప్పుడు రోజులు చెప్పను. దారం కట్టండి, దాని పైన రెండు ఆకులు పూర్తిగా విచ్చుకునేదాకా ఆగండి అంటాను. వెచ్చని ఊళ్ళో అది ఎనిమిది రోజుల్లో రావచ్చు, చల్లని మే నెలలో ఇరవై పట్టొచ్చు.

నేలలో

పదిహేడో రోజు సాయంత్రం ఆరింటికి నాటాను. అంతకు ముందు నాలుగు రోజులు వంటింట్లో వాడే మాంసం థర్మామీటర్‌ని పొద్దున్నే నాలుగంగుళాల లోతుకి గుచ్చి చూశాను. 59, 61, 64, 66. 65 దాటేదాకా ఆగడం మంచిదని నా అనుభవం. చల్లటి మట్టిలో పెట్టిన మిరప వారం ముందు పెట్టినా వారం వెనకే ఉంటుంది. టమాటాలా కాడ లోతుగా పాతలేదు, కప్పులో ఎంత లోతులో ఉందో అంతే. మొక్కకీ మొక్కకీ అడుగున్నర. కాడ చుట్టూ అట్ట గొట్టం, సగం మట్టిలోకి దిగేలా, ఎందుకంటే రాత్రిపూట కాడని మొదట్లో కొరికేసే పురుగు ఇక్కడ మే నెలలోనే తిరుగుతుంది. కుందేళ్ళ కోసం చుట్టూ కోళ్ళ మెష్.

నాటిన ఆరో రోజు రాత్రి 43 డిగ్రీలకి పడిపోతుందని హెచ్చరిక వచ్చింది. ఫ్రాస్ట్ కాదు, అయినా మిరపకి అది చలే. పెయింట్ బకెట్లు, పాత దుప్పట్లు, ఉన్నవన్నీ తెచ్చి సాయంత్రం ఎండ ఉండగానే కప్పాను. నేలలో ఉన్న వేడి లోపల నిలవాలంటే చీకటి పడకముందే కప్పాలి. కప్పినది ఆకుకి తగిలితే తగిలిన చోటే చలి కొరుకుతుంది, అందుకే దుప్పటి కింద కర్రలు నిలబెట్టాను. పొద్దున ఎనిమిదిలోపు అన్నీ తీసేశాను, లేదంటే బకెట్ లోపల మొక్క ఉడికిపోతుంది.

చివరికి

32లో 32 బతికాయి, 4 చిన్న మచ్చలతో. నా దగ్గర ఉంచుకున్న 14 మొక్కల్లో థాయ్, హలపీనో జులై రెండో వారంలో మొదటి పచ్చికాయలిచ్చాయి. గ్రిల్ నీడలో తప్పించుకున్న 9 మొక్కల్నీ ఇదే పద్ధతిలో తీశాను, వాటికీ వీటికీ తేడా కనబడలేదు. మాడి తేరుకున్న 26 మొక్కలు మే ఆఖరి దాకా బయటికి రాలేకపోయాయి. వాటి మొదటి కాయలు ఆగస్టులో. గుంటూరు సన్నం ఆలస్యంగా పండే రకం కాబట్టి ఎక్కువ నష్టపోయింది అదే. మాడని మొక్కలు సెప్టెంబర్‌లో ఎర్రగా పండితే, మాడినవి పచ్చిగా ఉండగానే చలి వచ్చేసింది. ఒక్క రోజు నాలుగు గంటల ఎండకి నేను కట్టిన ధర మూడు వారాలు, ఆ మాడిన సన్నం మొక్కల ఎర్ర మిరపకాయలు మొత్తం.

నారు తీసుకెళ్ళిన ఇళ్ళ నుంచి కూడా రెండు విషయాలు తెలిశాయి. వాళ్ళకి నేను కొన్ని సగం అలవాటైన మొక్కలు ఇచ్చాను. ఒకరు వాటిని మూడు రోజులు గ్యారేజ్‌లో, తలుపు మూసి పెట్టి, చల్లదనానికి అలవాటయింది కదా అని నాటేశారు. చీకటి గ్యారేజ్ చలికి కొంత అలవాటు చేస్తుందేమో కానీ ఎండకి అలవాటైన కాస్తా మరిచిపోయేలా చేస్తుంది. ఆకులు తెల్లబడ్డాయి. ఇంకొకరు డల్లాస్ శివార్లలో ఉన్న వాళ్ళ అన్నయ్యకి కారులో పట్టుకెళ్ళారు. అక్కడ మే నెల ఎండ మా జులై ఎండ కన్నా తీవ్రం. ఆయన తూర్పు వరండాలో పెట్టి, 11 దాటకుండా ఎండ చూపించి, మధ్యాహ్నం మొత్తం షేడ్‌నెట్ కింద ఉంచి కాపాడారు. చలి బెంగ లేని చోట మధ్యాహ్నపు ఎండే మొదటి శత్రువు.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో పెంచేవాళ్ళకి కూడా ఇది వర్తిస్తుంది. మా చెల్లెలు ఈ మధ్య గదిలో గ్రో లైట్ పెట్టి మిరప మొలిపించి, మార్చిలో మేడ మీదకి తీసుకెళ్ళింది. మేడ సిమెంటు వేడి కింద నుంచి, ఎండ పైనుంచి, రెండు రోజుల్లో పోయాయి. దానికి నేను చెప్పింది: ఇంట్లో మొలిపించాలంటే జూన్ వానలు పడ్డాక బయటికి తీసేలా లెక్క వేసుకో, 50 శాతం షేడ్‌నెట్ కింద పది రోజులు ఉంచు, కుండీల కింద ఇటుకలు పెట్టు. లేదంటే మొదటి రోజు నుంచీ నెట్ కిందే, బయటే విత్తు. మన దగ్గర ఆ అవకాశం ఉంది, మాకు ఫిబ్రవరిలో బయట మంచు కప్పి ఉంటుంది.

వచ్చే ఏడాది రెండు మార్పులు చేస్తున్నాను. విత్తడం పది రోజులు ఆలస్యంగా మొదలుపెడతాను. ఏప్రిల్ చివరికి మొక్కలు అంత పెద్దవి కాకుండా ఉంటే షెల్ఫు ఖాళీ చేయాలనే తొందర ఉండదు. ఆ శనివారం నన్ను తోసింది మంచి ఎండ ఒక్కటే కాదు, కప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్న ఇరుకు కూడా. రెండోది, ఎర్ర ఊలు ఆరు మొక్కలకి కాకుండా, ఎవరికి నారు ఇస్తే ఆ మొక్కలన్నిటికీ కడతాను. ఏ ఆకు లోపల పుట్టిందో, ఏది బయట పుట్టిందో తీసుకెళ్ళినవాళ్ళు చూడగానే తెలిసేలా.